డిజిటల్ ప్రదర్శన చూసి 'అద్భుతం' అంటే సరిపోతుందా?

తెరవెనుక
సోమవారం, రాత్రి 9.40

నిన్న బెంగళూరు మల్లేశ్వరంలో జరిగిన ప్రదర్శన గురించి ఒక మాట అడగాలని ఉంది. రానివాళ్ల కోసం ముందు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చీకటి గది, గోడ నిండా తెల్లని బట్ట, దాని మీద ప్రొజెక్టర్ వెలుగులో ఆరడుగుల తోలుబొమ్మ రావణుడు. మనం ఎదురుగా నిలబడి చేయి ఎత్తితే రావణుడూ చేయి ఎత్తుతాడు. మోకాలు వంచితే ఆయనా వంచుతాడు. పిల్లలు వరుస కట్టి ఆడుకున్నారు. మనం చేయి ఎత్తిన అర సెకనుకు గాని బొమ్మ కదలలేదు, అది వేరే సంగతి.

తర్వాత అందరం చాపల మీద గుండ్రంగా కూర్చున్నాం. ఏమనిపించిందో చెప్పమన్నారు. ఒకరు అద్భుతం అన్నారు, ఇంకొకరు మహాద్భుతం అన్నారు. నా వంతు వచ్చినప్పుడు ఒకటే అడిగాను. తోలుబొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనుక ఉంటాడు, చూసేవాడు ముందు ఉంటాడు. ఇక్కడ చూసేవాడే ఆడించేవాడయ్యాడు. మరి కథ చెప్పేది ఎవరు? నా ప్రశ్న పూర్తికాకుండానే నిర్వాహకులు మైకు తీసుకుని "ఈ రోజు పండగ రోజు అక్కా, విమర్శలు తర్వాత చూద్దాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లయింది. కంప్యూటర్లతో, సెన్సర్లతో, వీడియోతో కళ చేసే మన తెలుగువాళ్ల ప్రదర్శనలు ఇరవైకి తక్కువ కాకుండా చూశాను. వాటిలో ఒక్కదాని మీదైనా ఎవరైనా కూర్చుని రెండు పేజీలు రాయగా చూడలేదు. మెచ్చుకోవడం తప్ప మాట్లాడటం మనకు చేతకాదా, లేక మాట్లాడకూడదని ఒప్పందం చేసుకున్నామా?

జయనగర్ నాలుగో బ్లాక్
సోమవారం, రాత్రి 10.05

నేనూ ఉన్నాను. ప్రశ్న బాగుంది, అడిగిన సమయం బాగా లేదు.

వైరుముక్క
సోమవారం, రాత్రి 11.52

తెరవెనుక గారూ, ఆ ప్రదర్శనకు కెమెరా అమర్చింది, కోడు రాసింది నేను. కాబట్టి మొదట ఒక దిద్దుబాటు. అర సెకను అన్నది తప్పు. మేము వాడిన కినెక్ట్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. కంప్యూటర్ లెక్క కట్టడానికి కొంత, ప్రొజెక్టర్‌కు కొంత కలుపుకున్నా మొత్తం సెకనులో పదో వంతు దాటదు. మీరు దాన్ని అయిదు రెట్లు చేసి చెప్పారు.

ఇంకో సంగతి మీకు తెలియదు. ఆ కెమెరా కంటికి కనబడని పరారుణ కిరణాలు వెదజల్లి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కొలుస్తుంది. ఎండ తగిలితే దానికి చూపు పోతుంది. ఆ గదికి పడమటి కిటికీ ఉంది. శనివారం సాయంత్రం నాలుగింటికి ఎండ తిన్నగా తెర దగ్గరికి వచ్చింది, రావణుడి చేతులు నడుములోకి వెళ్లిపోయాయి. చిక్కపేటకు పరుగెత్తి పదహారు మీటర్ల నల్లగుడ్డ తెచ్చి రాత్రి రెండింటి దాకా మేకులు కొట్టాం. ఆ కెమెరా తయారీ 2017లోనే ఆపేశారు. పాతది ఒకటి ఎస్పీ రోడ్డులో మూడు ఆదివారాలు తిరిగితే దొరికింది.

ఇవన్నీ పడి ఒక పని నిలబెట్టిన మర్నాడు, లేని అర సెకను పట్టుకుని మాట్లాడితే బాధగా ఉంటుంది.

తెరవెనుక
మంగళవారం, ఉదయం 7.15

అర సెకను సంగతి వేరే అని నేనే రాశాను కదా. నా ప్రశ్న కథ గురించి.

వైరుముక్క
మంగళవారం, ఉదయం 7.31

వేరే సంగతి అయితే రాయడం ఎందుకు? చదివినవాళ్లకు గుర్తుండేది అదే.

పెన్న ఒడ్డు
మంగళవారం, ఉదయం 10.20

అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలు తీసుకువెళ్తే ఆ ప్రదర్శనకు వచ్చాను. కంప్యూటర్ కళ నాకు తెలియదు గాని విమర్శ అంటే ఏమిటో తెలుసు.

1989లో అప్పు చేసి కవితల పుస్తకం వేసుకున్నాను. అయిదు వందల ప్రతులు. ఒక మాసపత్రికలో ఒక పెద్దమనిషి సమీక్ష రాశారు. అరపేజీ. అందులో "ఇతనికి మాటలు తెలుసు, చూపు లేదు" అని ఒక వాక్యం. ఆ రోజు బడిలో పదో తరగతికి పాఠం చెప్పాను, సాయంత్రం ఇంటికి వచ్చి రాసుకున్న నోటుపుస్తకాలు కట్టకట్టి అటక మీద పెట్టాను. పదకొండేళ్లు కలం పట్టలేదు.

మా కడప నుంచే రాచమల్లు రామచంద్రారెడ్డి గారు 'సంవేదన' పత్రిక నడిపారు. ఆయన విమర్శ చదివి పెరిగినవాడినే నేను. ఇంకొకరి మీద రాసినప్పుడు చదవడానికి ఎంతో బాగుంటుంది. మన మెడ మీదికి వచ్చినప్పుడు గాని కత్తి బరువు తెలియదు. ఆ ప్రదర్శన చేసిన అమ్మాయికి ఇరవై అయిదేళ్లు కూడా ఉన్నట్టు లేవు. నలుగురిలో ఆ ప్రశ్న అడగకపోతే ఏమయ్యేది? పక్కకు పిలిచి అడగవచ్చు కదా.

కోరమంగళ కిటికీ
మంగళవారం, మధ్యాహ్నం 1.10

అసలు ఈ కళ గురించి రాయడానికి తెలుగులో మాటలు ఉన్నాయా? 'ఇంటరాక్టివ్' అన్నదానికి ఏమంటారు? అది తేలకుండా విమర్శ ఎలా రాస్తారు?

జయనగర్ నాలుగో బ్లాక్
మంగళవారం, మధ్యాహ్నం 1.18

స్పందించే కళ.

కోరమంగళ కిటికీ
మంగళవారం, మధ్యాహ్నం 1.25

స్పందించడం మనసు చేసే పని. సెన్సర్ స్పందిస్తుందా?

తెరవెనుక
మంగళవారం, రాత్రి 9.05

మాటలు రాసేకొద్దీ పుడతాయి. రాయకపోతే ఎప్పటికీ ఉండవు. ఆదివారం ఒక చిన్న పిల్లవాడు "అమ్మా, రావణుడు నాకు లొంగాడు" అన్నాడు. నాకు అంతకన్నా మంచి మాట దొరకలేదు. లొంగే బొమ్మ. నా ప్రశ్నంతా అందులోనే ఉంది. రావణుడు మనకు లొంగితే అది ఏ రామాయణం?

మాస్టారూ, మీ పదకొండేళ్ల గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీకు జరిగింది అన్యాయం. కాని మీరు అవధానాలు చూసి ఉంటారు. నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడు అవధాని ఎత్తుకున్న ప్రతి అక్షరానికీ అడ్డుపడతాడు. ఆ అడ్డు దాటుకుని పద్యం వస్తుంది. ఆయనను ఎవరూ శత్రువు అనరు. వేదిక మీద ఆయనకూ కుర్చీ వేస్తారు, చివర శాలువా కప్పుతారు. అడ్డుపడేవాడు లేకపోతే అది అవధానమే కాదు. ఆదివారం ఆ చాపల మీద అందరికీ చోటు ఉంది, పృచ్ఛకుడికి తప్ప.

పెన్న ఒడ్డు
మంగళవారం, రాత్రి 9.48

పోలిక బాగుంది గాని అతకదు. పృచ్ఛకుడు అవధానికి ఎదురుగా కూర్చుంటాడు. అక్షరం వద్దన్నవాడు పద్యం పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదలడు. పద్యం కుదిరితే మొదట తల ఊపేదీ ఆయనే. నా పుస్తకం మీద రాసినవారిని నేను ఈ జన్మలో చూడలేదు. ఆయన నా రెండో పుస్తకం కోసం ఎదురు చూడనూ లేదు.

వైరుముక్క
బుధవారం, ఉదయం 8.30

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దీనికి నా రంగంలోనే పాత ఉదాహరణ ఉంది. 1966 అక్టోబరులో న్యూయార్క్‌లో పదిమంది కళాకారులు, బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ ఇంజనీర్లు ముప్పై మంది దాకా కలిసి తొమ్మిది సాయంత్రాలు ప్రదర్శనలు ఇచ్చారు. ఆ కళాకారుల్లో ఒకరైన రాబర్ట్ రాషెన్‌బర్గ్ చేసిన దానిలో టెన్నిస్ బ్యాట్లకు వైర్లు పెట్టారు. బంతి తగిలిన ప్రతిసారీ హాలులో ఒక దీపం ఆరిపోతుంది. అన్నీ ఆరిపోయాక చీకట్లో వందల మంది లోపలికి వస్తారు. వాళ్లు ఒకరికొకరు కనబడరు, పరారుణ కెమెరా మాత్రం వాళ్లను తెర మీద చూపిస్తుంది. యాభై ఏళ్లు దాటాక నేను మల్లేశ్వరంలో అదే కిరణంతో కుస్తీ పట్టాను. అప్పుడు పత్రికలవాళ్లు ఏం రాశారు? ఆలస్యంగా మొదలైంది, యంత్రాలు మొరాయించాయి అని ఎక్కువమంది ఎండగట్టారు. విమర్శకుడి కంటికి ఆలస్యం కనబడినంత సులువుగా పని కనబడదు. తెరవెనుక గారి అర సెకను కూడా అదే.

మీకు నా మీద కోపం లేదని తెలుసు. కాని ఆ అర సెకనును వెనక్కి తీసుకోండి. అప్పుడు మిగతాది మాట్లాడదాం.

తెరవెనుక
బుధవారం, రాత్రి 10.30

వెనక్కి తీసుకోను. నా కంటికి అలాగే తోచింది.

ఆ టెన్నిస్ బ్యాట్ల సంగతి మీకు ఎలా తెలిసింది? మీరు పుట్టకముందు జరిగింది. ఆ హాలులో మీరు లేరు. చూసినవాళ్లు రాశారు, తిట్టినవాళ్లూ రాశారు, చేసినవాళ్లు జవాబు చెప్పారు, ఫిల్ము తీసినవాళ్లు దాచిపెట్టారు. అందుకే మీరు ఇవాళ బంతి తగిలితే దీపం ఆరిందని రాయగలిగారు. అందరూ అద్భుతం అని చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోయి ఉంటే మీకు ఏం మిగిలేది?

నా బాధ అక్కడే ఉంది. ఒక వర్ణచిత్రం గోడకు వేలాడుతూ ఉంటుంది. ఈ రోజు ఎవరూ పట్టించుకోకపోయినా నలభై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి దాని ఎదుట నిలబడవచ్చు. మన పనులకు ఆ భాగ్యం లేదు. ప్లగ్గు పీకితే అయిపోయింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను నిలిపేశారు. దానితో చేసిన పనులు ఎన్ని తెరుచుకోకుండా పోయాయో. మీరే చెప్పారు, ఆ కెమెరా తయారీ 2017లో ఆగిపోయిందని. మీ చేతిలో ఉన్న ఆ ఒక్కటి పాడైతే రావణుడు లేడు. అప్పుడు మిగిలేది ఏమిటి? ఎవరైనా దాన్ని చూసి, ఇది ఇలా ఉంది, ఇక్కడ నాకు నచ్చింది, ఇక్కడ కాలు మడతపడింది అని రాసిన నాలుగు మాటలు. 'అద్భుతం' అన్న మాటలోంచి ఏ బొమ్మనూ మళ్లీ కట్టలేరు.

మన దేశంలోనే జరిగింది చెబుతాను. మీ తొమ్మిది సాయంత్రాలలో పాల్గొన్న సంగీతకారుడు డేవిడ్ ట్యూడరే 1969లో అహ్మదాబాద్ వచ్చి అక్కడి జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పాటు చేశాడు. మనవాళ్లు అక్కడ సంగీతం చేశారు. కొన్నేళ్లకే అది ఆగిపోయింది. టేపులు దశాబ్దాల పాటు ఆ సంస్థలోనే పడి ఉన్నాయి. వాటిని వెతికి బయటికి తెచ్చింది బ్రిటన్ నుంచి వచ్చిన పాల్ పర్గస్ అనే కళాకారుడు. దాని మీద ఆ రోజుల్లో మన దగ్గర పెద్ద తగువు జరిగి ఉంటే, బాగుందనీ బాగాలేదనీ జనం కొట్టుకుని ఉంటే, ఆ టేపులు అంతకాలం దుమ్ములో ఉండేవి కావని నా నమ్మకం.

మొదటి మెట్టు
గురువారం, ఉదయం 6.50

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. నేనూ ఈ పనే చేస్తాను, కోడుతో కదిలే చిత్రాలు. మూడేళ్లుగా పెట్టిన ప్రతిదానికీ హృదయం గుర్తులు, చప్పట్లు వచ్చాయి. పోయిన ఏడాది ఒక విదేశీ ఫెలోషిప్ ఇంటర్వ్యూకు పిలిచారు. అయిదో నిమిషంలో ఒకావిడ అడిగారు. మీ చిత్రంలో వాన ఎందుకు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే పడుతుంది అని. నాకు జవాబు లేదు. నేను మొదట దించుకున్న ఒక నమూనా కోడులో అలా ఉంది, మార్చాలని ఎప్పుడూ తోచలేదు. మూడేళ్లలో ఒక్కరైనా, మన వాళ్లలో ఒక్కరైనా, ఆ మాట అడిగి ఉంటే! ఫెలోషిప్ పోయినందుకు కాదు, ఆ మూడేళ్లు నా చిత్రాన్ని ఎవరూ నిజంగా చూడలేదని ఆ రోజు తెలిసి ఏడ్చాను.

విమర్శతో పని చచ్చిపోదు మాస్టారూ. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో 2022లో రెఫిక్ అనడోల్ పెద్ద తెర పెట్టాడు. మ్యూజియం సేకరణను చదివిన యంత్రం దాని మీద ఆగకుండా రూపాలు పుట్టిస్తుంది. జెర్రీ సాల్ట్జ్ అనే విమర్శకుడు దాన్ని లావా దీపంతో, అంటే గాజు బుడ్డిలో రంగు ముద్దలు తేలుతూ ఉండే అలంకార దీపంతో పోల్చాడు. అయినా తర్వాతి ఏడాది మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది. ఆ తగువు చదివాకే రంగులు కదలడం వేరు, అర్థం కదలడం వేరు అని ఆలోచించడం మొదలుపెట్టాను.

పెన్న ఒడ్డు
గురువారం, ఉదయం 9.15

తల్లీ, నీ మూడేళ్లు, నా పదకొండేళ్లు. ఏది పెద్ద నష్టమో నాకు తెలియడం లేదు. కాని ఆ అనడోల్ వెనుక మ్యూజియం ఉంది. మన వెనుక ఎవరున్నారు?

వైరుముక్క
గురువారం, రాత్రి 11.20

మాస్టారు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. నేను నాలుగు రోజులుగా చుట్టూ తిరుగుతున్నాను, ఇక సూటిగా చెబుతాను.

తెరవెనుక గారూ, మీకు కాలేజీలో నెల తిరిగేసరికి జీతం వస్తుంది. మీరు ఏ ప్రశ్న అడిగినా ఆ జీతం ఆగదు. ఆదివారం ఆ గదిలో వెనుక వరుసలో కుర్చీల మీద ముగ్గురు కూర్చున్నారు, గమనించారా? హాలు అద్దె, ప్రొజెక్టర్ అద్దె ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు. వచ్చే ఏడాది ఇవ్వాలా వద్దా అని చూడటానికి వచ్చారు. వాళ్లకు మీ రామాయణ చర్చ అర్థం కాదు. వాళ్లకు అర్థమయ్యేది ఒకటే, 'సొంతవాళ్లే తప్పు పట్టారు' అని. మైకు లాక్కున్న నిర్వాహకులు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు భయం వేసింది. నాకూ భయం వేసింది. మీరు అడుగుతున్నప్పుడు నేను మీ ముఖం చూడలేదు, ఆ ముగ్గురి ముఖాలు చూశాను.

కళను కాపాడాలి, చరిత్రలో నిలపాలి అంటారు. మేము వచ్చే మార్చి దాకా నిలబడాలి. ముందు అది.

తెరవెనుక
శుక్రవారం, ఉదయం 5.55

రాత్రంతా నిద్రపట్టలేదు. ఇదే మాట సోమవారం చెప్పి ఉంటే మిల్లీసెకన్ల మీద ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు.

నా జీతం గురించి అన్నారు. అవును, వస్తుంది. అందుకే ఆ ప్రశ్న అడగవలసింది నేనే. భయం లేనివాళ్లు కూడా నోరు మూసుకుంటే ఇంకెవరు అడుగుతారు? డబ్బు ఇచ్చేవాళ్ల కోసం మౌనంగా ఉంటే వాళ్లు ఎప్పటికీ ఉంటారని ఏమిటి నమ్మకం? మీ తొమ్మిది సాయంత్రాల వాళ్లే 1970లో జపాన్‌లోని ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో పెప్సీ డబ్బుతో ప్రదర్శన మందిరం కట్టారు. దాని గుమ్మటాన్ని ఫుజికో నకాయా అనే జపాన్ కళాకారిణి పొగమంచుతో కప్పింది. అంత పని చేశాక ఖర్చు దగ్గర గొడవ వచ్చి ఆ కళాకారులను కంపెనీ పక్కన పెట్టి మందిరాన్ని తన చేతిలోకి తీసుకుంది. కంపెనీకి నచ్చినంత కాలమే కంపెనీ ఉంటుంది. రెండో సంవత్సరం ఎవరూ డబ్బు ఇవ్వకపోతే మీకు మిగిలేది మీ పనిని పట్టించుకుని పోట్లాడిన పదిమందే.

ఇక నేను కూడా దాచింది చెప్పాలి. నాకు ఆ రోజు మంట పుట్టించింది ఆలస్యమూ కాదు, కథ కూడా కాదు. తెర పక్కన గోడకు ఒక పలక ఉంది. అమ్మాయి పేరు, మీ పేరు, కంపెనీ పేరు, వాడిన సాఫ్ట్‌వేర్ పేరు. చివర 'జానపద ఆకృతుల స్ఫూర్తితో' అని ఒక వరుస. నాది అనంతపురం. చిన్నప్పుడు మా ఊళ్లో రాత్రి పది నుంచి తెల్లవారే దాకా ఆట చూశాను. బంగారక్క, కేతిగాడు వచ్చినప్పుడు నవ్వి నవ్వి మా అమ్మమ్మ ఒళ్లోనే నిద్రపోయేదాన్ని. ఆ రావణుడు మా వైపు రావణుడు. తోలు గీరి, రంగు వేసి, పుల్ల కట్టినవాడికి ఒక పేరు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పేరు రాసిన పలక మీద ఆ మనిషి పేరు లేదు. ఇది నేను సోమవారమే రాయవలసింది. మర్యాద అనుకుని కథ, ప్రేక్షకుడు అంటూ చుట్టూ తిరిగాను.

జయనగర్ నాలుగో బ్లాక్
శుక్రవారం, ఉదయం 8.02

ఆ పలక నేనూ చదివాను. ఏమీ తోచలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

చర్మచిత్రం
శుక్రవారం, మధ్యాహ్నం 2.40

నమస్కారం. నాది ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. మా ఇంట్లో తరతరాలుగా బొమ్మలు చేస్తారు, మా ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు ఆటలు తక్కువ. ఎక్కువ ఇళ్లలో దీపాల మీద పెట్టే తోలు గుమ్మటాలు చేసి అమ్ముతారు. మేమూ అదే.

మిత్రుడు పంపితే ఆ ప్రదర్శన వీడియో చూశాను. పేరు గురించి అక్క చెప్పింది కాబట్టి నేను చెప్పను. ఇంకొకటి చెబుతాను. ఆ రావణుడి నగలు నల్లగా ఉన్నాయి. మేము నగలకు రంగు వేయం. ఉలితో చుక్కలు చుక్కలుగా రంధ్రాలు కొడతాం. కిరీటానికి, హారాలకు, వడ్డాణానికి వందల రంధ్రాలు. వెనుక దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచి వెలుగు చిమ్ముతుంది. బొమ్మలో అన్నిటికన్నా మెరిసేది నగ. మీరు బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి ముందు నుంచి ఫొటో తీశారు. అందుకే రంధ్రాల వెనుక బల్ల కనబడింది, నల్లగా వచ్చింది. రావణుడు ఉన్నాడు గాని దీపం ఆరిపోయిన రావణుడు.

ఇది తప్పు పట్టడానికి రాయలేదు. చెబితే సరిచేసుకుంటారని రాశాను.

మొదటి మెట్టు
శుక్రవారం, మధ్యాహ్నం 2.58

నేను ఆ బొమ్మ ముందు ఇరవై నిమిషాలు ఉన్నాను. ఇది నా కంటికి ఆనలేదు.

చీకటిగది
శుక్రవారం, రాత్రి 8.10

ఆ పని నాది. ఇన్ని రోజులు నా తరఫున అందరూ మాట్లాడారు, నన్ను ఎవరూ అడగలేదు. ఇది కోపంతో అనడం లేదు.

అక్కా, ఆదివారం మీరు ప్రశ్న అడిగినప్పుడు నేను జవాబు చెప్పాలని లేచాను. అప్పటికే మైకు వెళ్లిపోయింది. నా దగ్గర మంచి జవాబు లేదు కూడా. కాని ఉన్నది చెప్పుకునే అవకాశం పోయిందని ఆ రాత్రి బాధపడ్డాను. మాస్టారు నన్ను కాపాడాలని చూశారు, దండం పెడతాను. కాని నాకు ఆ ప్రశ్న కావాలి.

బొమ్మ ఎక్కడిదంటే, రెండేళ్ల కిందట ఇక్కడే ఒక చేతివృత్తుల సంతలో కొన్నాను. బిల్లు ఇప్పటికీ ఉంది. దాని మీద 'తోలు వస్తువు, ఒకటి' అని రాసి ఉంది. అమ్మినాయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, బొమ్మ చేతులు ఎలా ముడివేయాలో దారంతో చూపించాడు కూడా. పేరు అడగాలని నాకు తోచలేదు. ఆ పలక నేనే రాశాను. కంపెనీవాళ్లు కాదు, వైరుముక్క అన్న కాదు. చర్మచిత్రం అన్నా, చెప్పింది నిజమే, మా భోజనాల బల్ల మీద పడుకోబెట్టి తీశాను. బల్ల ముదురు రంగు చెక్క.

వైరుముక్క
శనివారం, ఉదయం 1.35

ఈ రాత్రి అన్నీ మళ్లీ బిగించి కొలిచాను. ఫోనులో సెకనుకు 240 ఫ్రేములు వచ్చే వీడియో పెట్టి, చేయి కదలడం మొదలైన ఫ్రేము నుంచి తెర మీద బొమ్మ చేయి కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. 74 ఫ్రేములు. అంటే 308 మిల్లీసెకన్లు. నేను చెప్పిన పదో వంతు తప్పు. తెరవెనుక గారి అర సెకను కూడా కాదు, కాని నా అంకె కన్నా ఆమె కన్నే నిజానికి దగ్గరగా ఉంది.

ఎక్కడ పోయిందో కూడా పట్టుకున్నాను. కెమెరా ఇచ్చే లెక్కలో చేయి ఎప్పుడూ కొద్దిగా వణుకుతూ ఉంటుంది. మనిషి కదలకుండా నిలబడినా బొమ్మ వేళ్లు అదురుతాయి. అది లోపం అనుకుని వెనుకటి పది ఫ్రేముల సగటు తీసుకునేలా రాశాను. వణుకు పోయింది, బొమ్మ నున్నగా కదిలింది, దానికి వెలగా ఈ ఆలస్యం వచ్చింది. రాసింది నేనే అయినా ఈ లెక్క కట్టుకోలేదు. తెరవెనుక గారూ, క్షమించండి.

డబ్బు విషయంలో మాత్రం నా మాట మీద నేను ఉన్నాను.

చర్మచిత్రం
శనివారం, ఉదయం 7.20

అన్నా, ఆ వణుకు తీసేయకండి.

మా వాళ్లు బొమ్మను ఊరికే పట్టుకోరు. బొమ్మ మాట్లాడుతున్నంత సేపూ పుల్లను వేళ్ల మధ్య అదిలిస్తూనే ఉంటారు. తోలు చిన్నగా వణుకుతుంది, తెరకు తగిలి విడిపోతూ ఉంటుంది. అందుకే బొమ్మకు ఊపిరి ఉన్నట్టు కనబడుతుంది. మాట ఆపగానే వణుకు ఆపుతారు. చచ్చిపోయిన పాత్ర ఒక్కటే కదలకుండా ఉంటుంది. మా పెదనాన్న నాకు మొదట నేర్పింది అదే. బొమ్మను ఆడించడం తర్వాత, ముందు నిలబెట్టి బతికించు అన్నాడు.

తెరవెనుక
శనివారం, ఉదయం 7.41

నాకు వీడియో మళ్లీ చూడాలని ఉంది. ఆదివారం ఆ బొమ్మలో ఏదో చచ్చినట్టు ఉందని అనిపించింది, దాన్ని చెప్పడానికి అర సెకను తప్ప నా దగ్గర మాట లేకపోయింది.

పెన్న ఒడ్డు
శనివారం, ఉదయం 8.30

మీరు నలుగురూ ముఖాముఖి మాట్లాడుకున్నారు, పేరు పెట్టుకుని, కొలిచి, ఒప్పుకుని. నాకు 1989లో ఇది దొరకలేదు. అరపేజీ రాసి వెళ్లిపోయే విమర్శ వద్దన్న మాట నేను మార్చుకోను. ఇంకొక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ సమీక్షలో నా మూడో కవిత గురించి రాసింది సరైనదే. పదకొండేళ్ల తర్వాత దాన్ని తిరిగి రాసుకున్నాను.

చీకటిగది
శనివారం, మధ్యాహ్నం 12.05

వచ్చే శనివారం అదే హాలు సగం రోజుకు దొరికింది. అద్దె నేను, మొదటి మెట్టు పంచుకున్నాం. కంపెనీవాళ్లను పిలవడం లేదని కాదు, పిలిచాం, వస్తే అదే చాపల మీద కూర్చుంటారు. రెండు రావణులను పక్కపక్కన వేస్తాం. ఒకటి ఆదివారం చూసినది. రెండోది ఆ పది ఫ్రేముల సగటు లెక్కను ఎత్తేసి, బొమ్మను కిటికీ అద్దానికి ఆనించి వెనుక నుంచి వెలుగు పెట్టి మళ్లీ ఫొటో తీసినది. చప్పట్లు వద్దు. తెరవెనుక అక్క ప్రశ్నతో మొదలుపెడతాం, ఈసారి మైకు నా దగ్గర ఉంటుంది. పలక ఖాళీగా ఉంచాను. సంతలో బొమ్మ అమ్మినాయన ఫొటో నా ఫోనులో ఒకటి దొరికింది, ముఖం సగమే ఉంది. చర్మచిత్రం అన్నా, మీకు పంపాను.

చర్మచిత్రం
శనివారం, సాయంత్రం 5.50

చూశాను. మా ఊరాయన కాదు. చేతిలో ముడి వేసే తీరు చూస్తే ఎవరి దగ్గర నేర్చాడో మా పెదనాన్న చెప్పగలరు. ఆయనను తీసుకువస్తున్నాను, ధర్మవరం నుంచి పొద్దున రైలుకు దిగుతారు. ఆయనకు మోకాళ్ల నొప్పి. హాలు ఏ అంతస్తులో ఉంది?

వైరుముక్క
శనివారం, సాయంత్రం 5.58

రెండో అంతస్తు. లిఫ్టు ఉంది. స్టేషన్‌కు నేను వస్తాను.